రెండు నిమిషాల గడువు

హిందూపురం గుడ్ల కేంద్రంలో ఆ సోమవారం పొద్దున పొదిగే గది తలుపు తీసిన యల్లక్క లోపలికి పోకుండా గడప దగ్గరే నిలబడిపోయింది. కాసేపటికి కంప్యూటర్ గది దాకా వచ్చి, "మేడమ్, ఒకసారి వచ్చి సూడండి" అంది.

ప్రేమలత వెళ్లి చూసింది. పట్టుపురుగు గుడ్లు పెట్టిన కాగితాలు పదిహేను బల్ల మీద వరసగా ఉన్నాయి. గుడ్లన్నీ పగిలి ఉన్నాయి. చిన్న చీమంత కూడా లేని నల్లటి పిల్ల పురుగులు కాగితాల అంచుల దాకా పాకి, తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. వాటికి కావలసింది లేత మల్బరీ ఆకు. ఆ ఆకు ఉన్న రైతు ఇంటికి ఈ కాగితాలు రెండు రోజుల ముందే చేరి ఉండాలి.

"ఎవరికీ ఇయ్యలేదా యల్లక్కా?"

"ఎట్లిచ్చేది మేడమ్? పెనుకొండోళ్లు రాసుకుంటాండారని కంప్యూటర్లో చూపిస్తాండాది. ఫోన్ చేస్తే వాళ్లేమో మాకేమీ తెలీదంటారు. శనివారం మడకశిర రైతు ఒకాయన వచ్చి అడిగితే లేవని పంపిస్తిమి."

మధ్యాహ్నానికి ఆ కాగితాలను తీసుకుపోయి పెరట్లో కాల్చేశారు. ప్రేమలత ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు.

ఇది తొంభై ఎనిమిది జూన్‌లో సంగతి. ప్రేమలతకు అప్పటికి ముప్ఫై ఒకటి. బుక్కపట్నంలో నర్సుగా చేసిన తల్లి ఆమెను లెక్కల్లో డిగ్రీ దాకా చదివించింది. పట్టు రైతులకు గుడ్లు సరఫరా చేసే ఆ సంస్థలో గుమాస్తాగా చేరి, కంప్యూటర్లు వచ్చాక బెంగళూరు హెడ్డాఫీసులో ఆరు నెలలు శిక్షణ తీసుకుని, హిందూపురంలో ప్రోగ్రాములు చూసుకునే మనిషిగా స్థిరపడింది. ఆంధ్ర వైపు ఆఫీసులన్నిటిలో ఆ పని తెలిసింది ఆమెకొక్కదానికే.

కంప్యూటర్లు అనడమే గాని అసలు ఉన్నది ఒకటే. బెంగళూరులో ఒక గది నిండా ఉండే మెయిన్‌ఫ్రేమ్. దాని లోపలి ఏర్పాటు వల్ల ఒక్కొక్క ఆఫీసుకూ తనకంటూ వేరే కంప్యూటర్ ఉన్నట్టే నడిచేది. అట్లా ఉన్నట్టు నడిచే కంప్యూటర్లను వర్చువల్ మెషీన్లు అంటారు. హిందూపురానికి ఒకటి, పెనుకొండకు ఒకటి, ధర్మవరానికి ఒకటి. అవన్నీ అదే గదిలో, అదే యంత్రంలో ఉండేవి. ఆఫీసుల్లో ఉన్నవి తెర, మీటలు, టెలిఫోన్ లైను, అంతే. ఇవి కాక గుడ్ల జాబితా పెట్టుకుని కూర్చునే మెషీన్ ఇంకొకటి ఉండేది. దాన్ని సర్వర్ అనేవాళ్లు. పెనుకొండ వాళ్లు ఒక రైతుకు గుడ్లు రాయడం మొదలుపెట్టగానే సర్వర్ ఆ కాగితాలను పెనుకొండ కోసం పట్టి ఉంచి, మిగిలిన ఆఫీసులకు చూపించడం మానేసేది. రాయడం పూర్తయితే అవి ఆ రైతువి. మధ్యలో మానుకుంటే మళ్లీ అందరివీ.

మానుకున్నారని సర్వర్‌కు ఎట్లా తెలియాలి? ప్రేమలత రెండు రోజులు ఆ సంగతి మీదే కూర్చుంది. పెనుకొండ ఆపరేటర్ పద్ధతిగా పని ముగించుకుని పోతే, అతని మెషీన్ మూతపడుతుంది. అప్పుడు ఈ రెంటికీ మధ్య ఉన్న సంబంధం తెగిందని మెయిన్‌ఫ్రేమే సర్వర్‌కు కబురు చేస్తుంది. ప్రోగ్రాము ఆ కబురు కోసమే కాచుకుని ఉండేది. కానీ శుక్రవారం గాలివానకు పెనుకొండ టెలిఫోన్ లైను తెగిపోయింది. లైను తెగితే పెనుకొండ మెషీన్ మూతపడదు. అది ఉండేది బెంగళూరులో కదా. మనిషితో సంబంధం పోయినా అది మాత్రం ఎప్పటిలాగే నడుస్తూ ఉంటుంది. మామూలుగా అయితే అట్లాంటివాటిని మెయిన్‌ఫ్రేమ్ పావుగంటలో తీసేస్తుంది. లైను తెగినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెట్టుకోవలసి వస్తోందని ఆఫీసులన్నీ గోల పెడితే, ఆ తీసేసే పద్ధతిని హెడ్డాఫీసు ఏడాది కిందటే ఆపించింది. అందుకని సర్వర్‌కు ఏ కబురూ రాలేదు. పదిహేను కాగితాలను పట్టుకుని మూడు రోజులు ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

మేనేజర్ శ్రీనివాసులు ఇదంతా ఓపిగ్గానే విన్నాడు.

"సరేనమ్మా. ఎన్ని దినాలు పడ్తాది సరిచేసేదానికి?"

"సరిగ్గా చేయాలంటే నెల పడుతుంది సార్. బెంగళూరు వాళ్లను కొన్ని వివరాలు అడగాల."

"నెలా? వచ్చే సోమవారం మళ్లీ గుడ్లు పగులుతాయి. రైతులు వచ్చి నా ముందర కూర్చుంటారు. ఈ వారంలో ఏదో ఒకటి చెయ్యి."

ఆమె చేసింది. ఆఫీసు మెషీన్ రెండు నిమిషాల పాటు ఏమీ మాట్లాడకపోతే, అటు మనిషి లేడని అనుకుని కాగితాలు వదిలేయమని సర్వర్‌కు చెప్పింది. రెండు నిమిషాలన్నది గాలిలోంచి తీసిన అంకె కాదు. హిందూపురంలో ఒక రైతుకు రాయడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూసింది. ధర్మవరం ఆపరేటర్ విజయ్ కుమార్‌ను అడిగింది. అతని వేళ్లు మీటల మీద పరుగెత్తేవి. "నలభై సెకన్లు మేడమ్, మహా అంటే యాభై" అన్నాడు. పెనుకొండ రికార్డులు కూడా తీసింది గాని, లైను ఊరికే తెగుతూ ఉండడం వల్ల అవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేసింది.

జులైలో ఒక్క కాగితం కూడా వృథా పోలేదు. శ్రీనివాసులు సంతోషించి హెడ్డాఫీసుకు జాబు రాశాడు. బెంగళూరులో కొత్తగా పెడుతున్న ప్రోగ్రామర్ల బృందంలోకి ప్రేమలత పేరు పంపాడు. ఆ వారం ఆమె తల్లికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది కూడా.

ఆగస్టు మొదటి వారంలో పెనుకొండ నుంచి ఫిర్యాదు వచ్చింది. రొద్దం పక్క పల్లె నుంచి సుంకమ్మ అనే రైతు వచ్చి ఆరు కాగితాలు రాయించుకుని చీటీ తీసుకుని పోయింది. చెప్పిన రోజు వస్తే ఆమె పేరు మీద గుడ్లు లేవు. కంప్యూటర్ ప్రకారం ఆమె పేరు రాయడమే పూర్తి కాలేదు. అవే కాగితాలు ధర్మవరం రైతుకు పోయాయి. పెనుకొండ ఆపరేటర్ నరసప్పకు శ్రీనివాసులు మెమో ఇచ్చాడు. పని పూర్తి చేయకుండానే చీటీ ఇచ్చి పంపడం బాధ్యతారాహిత్యం అని అందులో రాశాడు.

నరసప్ప యాభై నాలుగేళ్ల మనిషి. టైపు మిషను కాలం నుంచి ఉన్నవాడు. ఒక వేలితో కొట్టేవాడు. మెమో సంగతి విన్నప్పుడు, ఏదో మీట నొక్కడం మరిచిపోయి ఉంటాడులే అనుకుంది ప్రేమలత. అతనే ఫోన్ చేసి, "అమ్మా, నేను రాసినానమ్మా. బాగా గుర్తుండాది. ఒకసారి నువ్వు చూడు తల్లీ" అన్నాక, కాదనలేక, సర్వర్ ప్రతి పనినీ వేళతో సహా రాసిపెట్టుకునే చిట్టాను కాగితం మీద తీయించింది.

చిట్టాలో ఉంది. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. పెనుకొండ నూటయిరవై సెకన్లుగా మాట్లాడలేదు. ఆరు కాగితాలు విడుదల. నలభై మూడు సెకన్ల తరువాత ధర్మవరం ఆ ఆరింటినీ తీసుకుంది. ఐదు నిమిషాల తరువాత పెనుకొండ నుంచి సుంకమ్మ పేరు, ఊరు, తేదీ అన్నీ వచ్చాయి. ఆ కాగితాలు ఇంకా ఎవరూ తీసుకోకుండా ఉంటే సర్వర్ రాసుకునేదే, అప్పటికే ధర్మవరం తీసుకోవడంతో ఆ వివరాలను పారేసింది. ఆ ఆఫీసుకు ఒక్క మాట తిరిగి చెప్పలేదు. చెప్పమని ప్రేమలత దానికి నేర్పలేదు.

ఆ రోజు పెనుకొండ లైను తెగలేదు. నరసప్ప తెర ముందే కూర్చుని ఉన్నాడు.

ఆ చిట్టాను చదవగలిగిన మనిషి హిందూపురంలో ఇంకొకరు లేరు. ప్రేమలత దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. సాయంత్రం శ్రీనివాసులు గది ముందు నుంచే ఇంటికి పోయింది, లోపలికి పోలేదు. దారి పొడుగునా, నరసప్ప మరీ అంతసేపు ఊరకే ఎందుకు కూర్చున్నాడు అని అతని మీదే చిరాకు పడుతూ పోయింది. ఇల్లు చేరేసరికి ఆ చిరాకు నిలబడలేదు.

మర్నాడు సెలవు పెట్టి పెనుకొండ బస్సెక్కింది.

పెనుకొండ ఆఫీసు ఎరువుల అంగడి మీద మేడ గది. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. నరసప్ప ఆమెను చూసి లేచి కుర్చీ తుడిచాడు. "నువ్వు పని చూసుకో అన్నా. నేను కాసేపు వెనకాల కూర్చుంటా" అందామె.

బెంచీ మీద కూర్చుని చేతి గడియారం చూస్తూ ఉంది. హనుమంతప్ప అనే రైతు వచ్చి పది కాగితాలు కావాలన్నాడు. నరసప్ప తెర మీద పది కాగితాలు పట్టుకుని, మీటల మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఆకు ఎన్ని మళ్లల్లో ఉండాదప్పా?"

"నాలుగు."

"నాలుగింట్లోనూ కోతకొచ్చినాదా?"

హనుమంతప్ప తడబడ్డాడు. మూడింట్లో వచ్చింది, నాలుగోదానికి ఇంకో పది రోజులు పడుతుంది. షెడ్డుకు సున్నం కొట్టినావా అని అడిగాడు నరసప్ప. కోసేదానికి మనుషులు ఎవరుండారని అడిగాడు. పోయిన పంటలో పురుగు రోగమొచ్చి పాలు కారి చచ్చిందన్నావే, పురుగుల తట్టలు ఎండబెట్టినావా అని అడిగాడు. మాటలు సాగుతూ ఉన్నాయి. గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి, ఆరు గడిచాయి. చివరికి ఏడు కాగితాలకు ఒప్పించి, ఒక వేలితో పేరు కొట్టడం మొదలుపెట్టాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. ఈలోగా వేరే ఆఫీసు ఆ కాగితాలను తీసుకుని ఉంటే, నరసప్ప కొట్టిన పేరును సర్వర్ పారేసి ఉంటుందని ఆమెకు తెలుసు. అతను చీటీ చింపబోతుంటే లేచి వచ్చి, "అన్నా, ఇదొక్కటి మళ్లీ కొట్టు. ఈసారి గబగబా" అంది. అతను ఎందుకని అడగకుండా మళ్లీ కొట్టాడు.

రైతు దిగిపోయాక అన్నాడు: "పది అడిగితే పది రాసేసి పంపేది ఎంతసేపమ్మా. పురుగు పెద్దదయ్యేకొద్దీ తిండి ఎక్కువైతాది. ఆఖరి వారంలో ఆకు చాలక, ఎదిగిన పురుగుల్ని తెచ్చి దిబ్బలో వేస్తారు. అది చూడలేము."

మధ్యాహ్నం అవుతుండగా సుంకమ్మ వచ్చింది. చీటీని కొంగున కట్టుకుని వారం నుంచి తిరుగుతోందట. నరసప్ప తల దించుకున్నాడు. ప్రేమలత తానే ఎదురుపోయి కూర్చోమంది. సుంకమ్మ కూర్చోలేదు.

"ఆకు ముదిరిపోతాండాదమ్మా. నిన్న రెండు మళ్లు కోసి గొర్రెలకేస్తి. ఎందుకు ఇయ్యలేదో అదన్నా చెప్పండి. ఈయప్ప రాసింది నేను కండ్లారా చూస్తి."

"ఆయన రాసినాడక్కా. మధ్యలో నువ్వు కొంచెంసేపు ఆగినావు గదా?"

"అవును. ఆరు సాల్తాయా ఎనిమిదా అని అడిగినాడు. మా ఆడబిడ్డ కింద బస్సు కాడ ఉండాది. ఆయమ్మను అడిగొస్తానని దిగిపోతి. వస్తి. అంతే గదా?"

"అంతసేపు ఇక్కడి నుంచి ఏమీ రాకపోయేసరికి, మనిషి లేరనుకుని మిషను వేరేవాళ్లకు ఇచ్చేసిందక్కా."

సుంకమ్మ తెర వైపు చూసింది. "లేరనుకునింది అంటే? ఈయప్ప యాడికీ పోలేదే. ఒక మాట అడిగింటే చెప్పిందుము గదా, ఈడే ఉండామని."

ప్రేమలత సంచిలోంచి ఆ చిట్టా కాగితం తీసింది. మడతలు విప్పి బల్ల మీద పరిచింది.

"తప్పు ఈయనది కాదక్కా. మిషనుకు అట్లా చెయ్యమని చెప్పింది నేను."

సుంకమ్మ ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తిట్టలేదు. "మల్ల గుడ్లు ఎప్పుడొస్తాయో చెప్పమ్మా. బస్సు ఉండాది నాకు" అంది. పన్నెండు రోజులు పడుతుందని చెబితే, వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

నరసప్ప ఆ చిట్టాను దగ్గరికి తీసుకుని చూశాడు. అందులోని ఇంగ్లీషు మాటలు, అంకెలు అన్నీ అతనికి అర్థం కావు. పదకొండు నలభై రెండు మాత్రం అర్థమైంది.

"మెమో వచ్చినప్పటి నుంచి నేనే మరిచిపోయినాననుకుంటాండానమ్మా" అన్నాడు. "వయసు పైబడినాది గదా, ఏ మీట విడిచిపెట్టినానో అని, బస్సులో కూర్చున్నా మోకాలి మీద వేళ్లు పెట్టుకుని వరసగా నొక్కి చూసుకుంటాండా. అంతా సరిగ్గానే వస్తాండాది. సరిగ్గా వస్తాంటే ఇంకా భయమైతాండాది."

"నన్ను క్షమించన్నా" అంది ప్రేమలత.

మర్నాడు శ్రీనివాసులు చిట్టా చూసి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఈ సంగతి నీకూ నాకూ తెలుసు. నువ్వు సరిచేసుకో. మెమో ఏముందమ్మా, ఫైల్లో పడి ఉంటాది. ఈ నెల్లోనే నీ పేరు బెంగళూర్లో చూస్తాండారు. ఇప్పుడు ఇది రాసి పంపితే?"

"ఆయనకు ఇంకో నాలుగేండ్ల సర్వీసు ఉంది సార్."

"మెమోతో ఉద్యోగం పోదులే."

"ఉద్యోగం సంగతి కాదు సార్. ఆయన తనకు మతి తప్పిందనుకుంటున్నాడు."

ఆమె జాబు రాసింది. ఏ వారం ఏ మార్పు చేసిందో, పెనుకొండ రికార్డులను ఎందుకు పక్కన పెట్టిందో, దాని మూలంగా ఎవరికి ఏమైందో వరసగా రాసి, కింద సంతకం పెట్టింది. శ్రీనివాసులు రెండు రోజులు దాన్ని సొరుగులో ఉంచుకుని, మూడో రోజు తానే పైకి పంపాడు.

సరైన పని ఆ తరువాత మొదలైంది. మౌనాన్ని లెక్కపెట్టడం మానేసింది. లైను తెగి అనాథగా నడుస్తున్న మెషీన్ ఏదో, మనిషి ఎదురుగా ఉన్న మెషీన్ ఏదో మెయిన్‌ఫ్రేమ్‌కు తెలుసు. అడిగితే చెబుతుంది. అడగకపోతే తనంతట తాను చెప్పదు. పాత ప్రోగ్రాము రాసినవాళ్లు అడగలేదు, ప్రేమలత కూడా అడగకుండానే గడియారం పెట్టింది. ఇప్పుడు కాగితాలు పట్టుకున్న ప్రతి ఆఫీసు గురించీ సర్వర్ అర నిమిషానికొకసారి మెయిన్‌ఫ్రేమ్‌ను అడిగేటట్టు మార్చింది. తెర ఉందంటే, మనిషి ఎంతసేపు మాట్లాడకపోయినా సర్వర్ కాచుకుని ఉంటుంది. తెరతో సంబంధం తెగిపోయిందంటే, లైను తిరిగి రావడానికి ఐదు నిమిషాలు చూసి, అప్పుడు వదిలేస్తుంది. వదిలేసిన సంగతి ఆ ఆఫీసు తిరిగి రాగానే తెర నిండా పెద్ద అక్షరాలతో చెబుతుంది.

పరీక్షలు చేసుకోవడానికి బెంగళూరు వాళ్లు ఇచ్చింది ఆదివారం పొద్దుటి పూట మాత్రమే. మూడు వారాలు ఆమె చర్చికి పోలేదు. ధర్మవరంలో విజయ్ కుమార్ ఫోన్ చెవిన పెట్టుకుని, ఆమె చెప్పినప్పుడల్లా లైను తీగ పీకేవాడు, పెట్టేవాడు. మొదటి ఆదివారం తీగ పీకినా సర్వర్ కనిపెట్టలేదు. తెర ఉందా తెగిందా అని చూసే వరసను ఆమె ప్రోగ్రాములో తలకిందులుగా రాసింది. రెండో ఆదివారం కనిపెట్టింది.

"పోయింది మేడమ్, ఐదు నిమిషాలకు కరెక్టుగా వదిలేసినాది" అన్నాడు విజయ్ కుమార్. "ఇంక చాలా?"

"చాల్లేదు. ఇప్పుడు తీగ పెట్టి, తెర మీద గుడ్లు పట్టుకుని, ఏమీ నొక్కకుండా ఊరకే కూర్చో."

"ఎంతసేపు?"

"అరగంట."

అతను నవ్వాడు గాని కూర్చున్నాడు. నలభై సెకన్లలో పని ముగించే అతనికి ఆ అరగంట చాలా కష్టమైంది. మధ్యలో రెండుసార్లు ఫోన్లో "ఇంకా ఉండానా మేడమ్?" అని అడిగాడు. ప్రేమలత చిట్టా చూసి "ఉన్నావు" అని చెప్పింది.

సుంకమ్మకు పన్నెండో రోజున ఆరు కాగితాలూ అందాయి. అప్పటికి ఆకు గరుకెక్కిపోయింది. ఆమె ముదిరిన మళ్లల్లో చెట్లు కింది దాకా నరికేసి, మిగిలిన ఆకు చాలదని నాలుగు కాగితాలు తిరిగి ఇచ్చి, రెంటినే ఉంచుకుంది. ఆ ఏడాది ఆమెకు ఒక పంట పోయినట్టే. ఆ సంగతి ఎవరూ మార్చలేకపోయారు. నరసప్ప మెమోను సంస్థ వెనక్కి తీసుకుంది. తీసుకున్నట్టు వచ్చిన కాగితంలో కారణం రాయలేదు. అతను దాన్ని మేడ గది గోడకు, క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించాడు.

బెంగళూరు బృందంలోకి ప్రేమలతకు బదులు, పని అక్కడే నేర్పిస్తామని విజయ్ కుమార్‌ను తీసుకున్నారు. ప్రేమలతకు ఆ రోజు బాధగానే ఉంది. తల్లికి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. "పోనీలే" అని తల్లి అనలేదు. ఎందుకని అడిగింది, మొత్తం విన్నది, ఆఖరికి "ఆ రైతమ్మకు తర్వాతి పంటన్నా బాగొచ్చిందా?" అంది. ప్రేమలతకు తెలియదు. కనుక్కుంటానంది.

సెప్టెంబరులో ఒక బుధవారం ఆమె మళ్లీ పెనుకొండకు పోయింది. హెడ్డాఫీసు వాళ్లు రైతు వివరాలు నింపే తెరను మార్చి, అడిగే ప్రశ్నలు తగ్గించమంటున్నారు. ఏ ప్రశ్న తీసేయాలో ఆమెకు ఇంకా తేలలేదు. మేడ గదిలో నలుగురు రైతులు వరసలో ఉన్నారు. నరసప్ప ఒక ముసలాయనతో షెడ్డు కిటికీల సంగతి మాట్లాడుతున్నాడు. ప్రేమలత చప్పుడు చేయకుండా వెనక బెంచీ మీద కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, నరసప్ప అడుగుతున్న ప్రశ్నలను ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టింది.